అద్దె సుత్తి

మా ఊరి పేరు దోమ. నవ్వకండి, నిజంగానే ఊరి పేరు. కొత్తవాళ్ళెవరైనా "తమ సొంతూరేదండీ?" అని అడిగినప్పుడు నేను ఈ మాట చెబితే వాళ్ళు ముందు చుట్టూ చూస్తారు, తరువాత చెయ్యి విదిలిస్తారు, ఆపైన నా ముఖం చూసి నాలుక కరుచుకుంటారు. వికారాబాదు జిల్లాలో పరిగికి పొరుగున ఉన్న మండల కేంద్రం మాది. ఇంత చిన్న ప్రాణి పేరు పెట్టుకున్న ఊళ్ళో పుట్టాను గనుకనో ఏమో, చిన్నవాళ్ళ మొర నా చెవిలో త్వరగా పడుతుంది. ఈ వారం చెప్పబోయేది అటువంటి చిన్నవాడి సంగతే. అతనికి తాండూరులో ఒక లేత్ షాపు ఉంది. ఆ షాపులో ఇరవై ఏళ్ళనాటి కంప్యూటరు ఒకటి ఉంది. దాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అన్నది తండ్రీకొడుకుల మధ్య తగవు. ఆ తగవులో నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి యంత్రాల పంచాయితీ ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను.

అసలు కథ మా వంటింట్లో మొదలయింది. పదహారేళ్ళుగా మినప్పప్పు రుబ్బుతున్న మా గ్రైండరు ఒకనాడు గరగరమని మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే, లోపల బొటనవేలంత ఇత్తడి బుష్ ఒకటి అరిగిపోయింది. అమ్మిన దుకాణానికి తీసుకువెళితే, "ఆ మోడల్ ఆపేశారండీ. పాతది ఇచ్చి కొత్తది తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాటే ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను.

"వాళ్ళు చెయ్యటం ఆపేశారు సరే, ఇడ్లీ తినటం మనం ఆపేశామా?" అన్నది ఆవిడ.

దానికి నా దగ్గర జవాబు లేదు. బుష్ జేబులో వేసుకుని తాండూరు బస్సెక్కాను.

తాండూరు అంటే మీలో చాలామందికి నాపరాళ్ళే గుర్తుకు వస్తాయి. మీ ఇంటి వరండాలో, పెరట్లో, మెట్ల మీద నీలం రంగువో, పసుపు రంగువో తాండూరు బండలు ఉండే ఉంటాయి. పప్పు తెలిసినవాళ్ళు తాండూరు కంది అంటారు. ఆ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. భూమిలోంచి పరుపులు పరుపులుగా రాయి తీసి, అంచులు కోసి, నునుపు చేసే పాలిష్ యూనిట్లు ఆ ఊరి చుట్టూ ఉన్నాయి. రాయిని అరగదీసే యంత్రం తానూ అరుగుతుంది. అరిగినదాన్ని మళ్ళీ చేసి ఇచ్చేవాడు ఒకడు ఊళ్ళో ఉండాలి గదా! ఆ ఒకడు మా దోమ బడిలో నాకంటే రెండు తరగతులు పైన చదివిన అన్న.

అన్న ఐ.టి.ఐ. చదివి హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో తొమ్మిదేళ్ళు పని నేర్చాడు. ఇనుప పనికి హైదరాబాదు పాత పేరున్న ఊరే. యంత్రాలను చేసే యంత్రాలు తయారుచేసిన ప్రాగా టూల్స్ సికింద్రాబాదులో 1943లో పుట్టింది. బాలానగర్‌లో పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ, సి.ఐ.టి.డి., 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో వెలిసింది. ఆ గాలి పీల్చి వచ్చిన అన్న 2005లో తాండూరులో షాపు తెరిచాడు. రెండు మామూలు లేత్‌లు, కంప్యూటరు చెప్పినట్లు నడిచే మిల్లింగ్ యంత్రం ఒకటి. యంత్రం ఎవరో వాడి అమ్మినది. దానికి బ్యాంకు అప్పు. యంత్రాన్ని నడిపించటానికి కావలసిన సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్తది, బిల్లుతో సహా కొన్నాడు. అందుకోసం అన్నదమ్ముల పంపకంలో వచ్చిన నేలలో ఒక ఎకరం అమ్మాడు.

పనివాళ్ళ ముందు నన్ను "సారూ" అని పిలుస్తాడు. ఎవరూ లేకపోతే "తమ్మీ" అంటాడు. ఆ రోజు పనివాళ్ళున్నారు.

"ఏం సారూ, బాట మరిచిండ్రా?" అన్నాడు. బుష్ చేతిలోకి తీసుకుని వెర్నియర్‌తో కొలిచాడు. "గిది బజార్ల దొరకదు. చేసిస్త, కూసోండ్రి" అన్నాడు.

కూర్చున్న కుర్చీ పక్కనే ఆ కంప్యూటరు. పుట్టినప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు పసుపు రాసిన గడపలాగా ఉంది. తెర మీద నీలాకాశం, పచ్చని గుట్ట. వాన వెలిసిన తరువాత మా అనంతగిరి కొండల్లో ఒకటి ఇలాగే ఉంటుందనుకున్నాను. తీరా తెలుసుకుంటే అది 1996లో కాలిఫోర్నియాలో తీసిన ఫోటో, విండోస్ ఎక్స్‌పీతో పాటు ఇంటింటికీ వచ్చినది. వెనుకవైపు, ప్రింటరుకు పెట్టే వెడల్పాటి సాకెట్‌లో అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించి ఉంది. అది తాళంచెవి. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది.

అది చేసే పనేమిటో అన్న చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. దర్జీ గుడ్డ మీద సుద్దతో గీత గీస్తాడు. కాని గీత మీదనే కత్తెర వెయ్యడు. కుట్టుకు కొంత గుడ్డ వదిలి కోస్తాడు. ఇనుప పనిలోనూ అంతే. పది మిల్లీమీటర్ల మందం కత్తి తిరుగుతూ కోస్తుంటే, దాని నడిమి భాగం అసలు గీతకు అయిదు మిల్లీమీటర్ల దూరంలో నడవాలి. ఒక్క గీత అయితే మనమే లెక్క వేసుకోవచ్చు. గుండ్రని ప్లేటులో ఆరు గుంతలు, ఆరు రంధ్రాలు, అంచున వంపులు ఉంటే ఆ లెక్క ఒక పూట తింటుంది. మనం బొమ్మ గీస్తే, కత్తి నడవవలసిన బాట అంతా సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి, యంత్రానికి అర్థమయ్యే భాషలో రాసి పెడుతుంది.

భాష అనగానే నాకు ఉత్సాహం వచ్చింది. చూపించమన్నాను. వరుసలు వరుసలుగా అక్షరాలు, అంకెలు. జీ సున్నా సున్నా అంటే గబగబా వెళ్ళు. జీ సున్నా ఒకటి అంటే కోస్తూ తిన్నగా వెళ్ళు. జీ సున్నా రెండు అంటే గడియారపు ముల్లు తిరిగే వైపు వంపు తిరుగు, జీ సున్నా మూడు అంటే దానికి ఎదురు వైపు. ఎం సున్నా మూడు అంటే కత్తిని తిప్పు. ఎం ముప్పై అంటే పని అయిపోయింది. 1952లో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు, కాగితపు పట్టీకి పొడిచిన చిల్లులను చదువుకుని కదిలే మిల్లింగ్ యంత్రాన్ని మొదటిసారి నలుగురికీ చూపించారు. ఆ వంశంలో పుట్టిన వర్ణమాల ఇది. కాగితపు పట్టీ పోయింది, ఫ్లాపీ వచ్చింది, అదీ పోయింది. ఓనమాలు మాత్రం పెద్దగా మారలేదు. అన్న ఆ వరుసలను మనం వార్తాపత్రిక చదివినట్లు చదువుతాడు.

అప్పుడే అన్న కొడుకు లోపలికి వచ్చాడు. మెకానికల్ ఇంజనీరింగ్ 2022లో పూర్తిచేసి, రెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, తండ్రి షాపు చూసుకుంటానని తిరిగి వచ్చిన కుర్రవాడు. ఈ రోజుల్లో అలా తిరిగివచ్చేవాళ్ళు అరుదు. వచ్చినవాడికి ఆ పసుపు కంప్యూటరు కంటిలో నలుసైంది.

"బాబాయ్, మీరన్నా చెప్పండి నాయినకు. కస్టమర్లు ఇప్పుడు నిలువెత్తు బొమ్మలు పంపుతున్నారు, అన్ని వైపులా తిప్పి చూసేవి. మనది వాటిని తెరవదు. ఈ సాకెట్ ఉన్న కంప్యూటర్లు ఇప్పుడు కొత్తవి రావు. ఎక్స్‌పీని కంపెనీ 2014 ఏప్రిల్‌లోనే వదిలేసింది. ఆ ప్లాస్టిక్ ముక్క పోయిందంటే షాపు మూసుకోవాలె" అన్నాడు.

అతని మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి, సరిగా మరమ్మతు చేసుకోని కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. అన్న కంప్యూటరుకు ఆ బెడద లేదు. ఎందుకంటే, దానికి ఏనాడూ ఇంటర్నెట్ తీగ తగిలించలేదు. ఊరిలోకి రాని మనిషికి ఊరి జబ్బు అంటదు గదా.

"నేను చేసేవి ఏంది సారూ?" అన్నాడు అన్న. "పాలిష్ మిషన్ ప్లేట్లు, పుల్లీలు, కీలు పడే గాళ్ళు. అన్నీ పైనుంచి చూస్తే కనబడేటియే. విమానం రెక్కలు చేస్తున్ననా? ఇరవై ఏండ్లల్ల గిది ఒక్క ప్లేటు తప్పు కొయ్యలె. అయినా గిది కంప్యూటర్ కాదు సారూ, ఎకరం నేల."

తగవు అంతా ఆ చివరి మాటలో ఉంది. కొడుకు కొనమంటున్న కొత్త సాఫ్ట్‌వేర్ కొనేది కాదు; ఏడాదికింత అని కట్టేది. కట్టటం మానిన రోజున అది తెరుచుకోదు. ఇది ఒక్క కంపెనీ పద్ధతి కాదు. కంప్యూటరు మీద గీతలు గీసే సాఫ్ట్‌వేర్లలో జగమెరిగిన ఆటోక్యాడ్ 1982 డిసెంబరులో బజారులోకి వచ్చింది. దాని యజమాని అయిన ఆటోడెస్క్ 2016 జనవరి 31 తరువాత తన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి శాశ్వత లైసెన్సులు కొత్తగా అమ్మటం మానేసింది. అచ్చు పనికి, బొమ్మల పనికి సాఫ్ట్‌వేర్లు చేసే అడోబీ 2013లోనే ఆ దారి పట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పాత లైసెన్సు కూడా మనం నేలను కొన్నట్లు కొన్నది కాదు. అన్న దాచుకున్న కాగితం నేను చదివాను. వాడుకోవటానికి అనుమతి ఇస్తున్నామన్నదే అందులో ఉంది. కాని ఆ అనుమతికి గడువు లేదు. గడువు లేని అనుమతికీ, ఏడాదికొకసారి చెయ్యి చాచవలసిన అనుమతికీ తేడా, అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

"2020 మార్చి 25న అన్నీ బంద్ అయినయి. యాదికున్నదా? షాపు తెరవలె, పైస రాలె. అప్పుడు అద్దె నడుస్తుంటే యాడికెళ్ళి కడుదును? వానాకాలంల గనులల్ల నీళ్ళు నిండితె సగం పని ఉండదు. సుత్తికి అద్దె కడతరా ఎవరన్న?" అన్నాడు అన్న.

కొడుకు ఊరుకోలేదు. "నాయినా, నువ్వు ఎకరం అమ్మి మొదలుపెట్టినవ్. అమ్మటానికి ఎకరం లేనోడు ఎట్ల మొదలుపెట్టాలె? వాడికి నెలకింత కట్టుడే నయం గదా?" అన్నాడు.

నాకు ఆ మాట తగిలింది. అద్దె ఇల్లు లేకపోతే సొంత ఇల్లు లేనివాడు చెట్టు కింద ఉండాలి. మూడో దారి ఒకటి ఉందని పక్కన నిలబడ్డ పనివాడు సణిగాడు, తాళం పగలగొట్టిన దొంగ కాపీ ఎక్కడైనా దొరుకుతుందని. తండ్రీకొడుకులు ఇద్దరూ ఒక్కసారే అతనివైపు చూసిన చూపుకు అతను లేత్ దగ్గరకు వెళ్ళిపోయాడు. తగవులో ఉన్నప్పటికీ ఇద్దరూ ఒకే చెట్టు కొమ్మలని అప్పుడు తెలిసింది.

పాతదాన్ని పట్టుకుని ఉండటం బీదవాళ్ళ పని అనుకోకండి. ఇంగ్లండులో మెక్‌లారెన్ అనే కార్ల కంపెనీ ఉంది. 1990లలో అది చేసిన ఎఫ్1 కారు లోకంలో అతి ఖరీదైన కార్లలో ఒకటి. ఆ కార్లను పరీక్ష చెయ్యటానికి, ఆనాటి కంపాక్ ల్యాప్‌టాప్‌నే ఇంకా వాడుతున్నారని 2016లో పత్రికలు రాశాయి. ఆ ల్యాప్‌టాప్‌లో అమర్చిన ప్రత్యేకమైన కార్డు తప్ప మరేదీ అప్పటికి ఆ కారుతో మాట్లాడేది కాదు. అమెరికా అణ్వస్త్ర దళం తన సమాచార వ్యవస్థలో ఎనిమిది అంగుళాల ఫ్లాపీలను 2019 దాకా వాడింది. డబ్బు లేక కాదు. నడుస్తున్న దాన్ని కదిపితే ఏది ఆగుతుందోనన్న భయం.

ఇక నా తీర్పు కోసం ఇద్దరూ ఎదురుచూశారు. యంత్రాల విషయంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అందుకని నా అనుభవం ఒకటి చెప్పాను. అది మీకూ చెబుతాను.

2006లో ఎం.ఫిల్. చేస్తున్నప్పుడు మా దోమ చుట్టుపక్కల ఆడవాళ్ళు నాట్లలో, కలుపుల్లో, తిరగలి దగ్గర పాడుకునే పాటలు రాసుకున్నాను. వాటిలో ఎక్కువ పాటలు మా నాయనమ్మవి. సిద్ధాంతవ్యాసంలో చోటు చాలక నూరుకు పైగా పాటలు మిగిలిపోయాయి. ఎప్పటికైనా పుస్తకం వేద్దామని వాటిని ఒక డీటీపీ దుకాణంలో టైపు చేయించి సీడీలో పెట్టించుకున్నాను. అప్పుడు మన పల్లెటూళ్ళ నుంచి పట్నాల దాకా తెలుగు అచ్చు చాలావరకు పేజ్‌మేకర్ మీదే నడిచేది. 1985లో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌కు 2001లో వచ్చిన ఏడో రూపమే చివరిది. నాయనమ్మ 2008లో పోయింది. నా చేతిరాత నోటుపుస్తకం చెదల పాలయింది. పోనీలే, సీడీ ఉంది గదా అని నిశ్చింతగా ఉన్నాను.

పదేళ్ళ తరువాత సీడీ తెరిస్తే తెర మీద ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం! కామాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు. మా నాయనమ్మ గొంతు ఆ ముళ్ళకంప వెనుక ఎక్కడో ఉంది. సంగతేమిటంటే, ఆ రోజుల్లోని తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాలను కూర్చోబెట్టేవి. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. లోకంలోని లిపులన్నిటికీ ఎవరి గది వారికి కేటాయించిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గాని, మన చిన్న ఊళ్ళ అచ్చు పనిలోకి అది రావటానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొత్త కంప్యూటర్లున్న నాలుగు చోట్లకు తిరిగాను. "ఇది తెరవటం కుదరదండీ" అన్నారు. చివరకు పరిగిలో లగ్నపత్రికలు వేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన దగ్గర పాత కంప్యూటరు, పాత పేజ్‌మేకరు, పాత ఫాంటు ఉన్నాయి. "కొత్తవాటితో నాకేం పని సార్, పెళ్ళిపిలుపు మారిందా?" అన్నాడు. సీడీ పెట్టి రెండు నిమిషాల్లో పాటలన్నీ తెరిచాడు. మొదటి పాట తెర మీద కనబడగానే నాకు కళ్ళు మసకబారాయి. ఆయన పాతదాన్ని పారెయ్యకపోబట్టి మా నాయనమ్మ నాకు దక్కింది. అదే సమయంలో, నేను ఆమె పాటలను ఒక్క ఫాంటు చేతిలో పెట్టి మరిచిపోబట్టి ఇంచుమించు పోగొట్టుకున్నాను. ఈ రెండూ నిజమే. ఆ వేసవి సెలవులంతా కూర్చుని పాటలన్నీ యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, మూడు ప్రతులు కాగితం మీద తీయించాను.

"కాబట్టి అన్నా, పాత పనిముట్టు ఉంచుకోవటంలో తప్పులేదు. కాని నీ పనిని దాని లోపల బందీ చెయ్యకు. ముందు నీ ఇరవై ఏళ్ళ బొమ్మలన్నీ బయటికి తియ్యి. ఆ తరువాత ఏది ఉంచాలో, ఏది తియ్యాలో తీరిగ్గా కొట్లాడుకోండి" అన్నాను.

అన్న ఏమీ అనలేదు. కొడుకు మాత్రం నావైపు చూసి తల ఊపాడు. ఇంతలో బుష్ తయారయింది. దాన్ని కంప్యూటరు చెయ్యలేదు. అన్న మామూలు లేత్ మీద ఇత్తడి కడ్డీ బిగించి, పది నిమిషాల్లో తిప్పి చేతిలో పెట్టాడు. వేడి ఇంకా తగ్గలేదు. డబ్బు తియ్యబోతే, పనివాళ్ళు దూరంగా ఉన్నారో లేదో చూసుకుని, "నీ దగ్గర పైసలా తమ్మీ!" అని కసిరాడు.

ఇది ఎండాకాలం నాటి మాట. మొన్న ఆదివారం అన్న మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ ఇడ్లీ పెట్టింది. తింటూ తింటూ తక్కిన కథ చెప్పాడు.

నేను వచ్చిన మరునాటి నుంచి కొడుకు రాత్రిపూట షాపులో కూర్చుని, బొమ్మలన్నిటినీ డీఎక్స్ఎఫ్ అనే రూపంలోకి మార్చాడట. అది ఎన్నో సాఫ్ట్‌వేర్లు చదవగలిగిన రూపం. యంత్రానికి పంపే జీ అక్షరాల వరుసలు ఎట్లాగూ మామూలు రాతే కాబట్టి వాటిని ఉన్నవి ఉన్నట్లు తీశాడు. రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచాడు. "కరెంటు దండుగ" అని అన్న గొణుగుతూనే ఉన్నాడు.

శ్రావణంలో ఒకనాడు ఉరుములతో కరెంటు వచ్చి పోయి, పోయి వచ్చింది. పసుపు కంప్యూటరు మళ్ళీ లేవలేదు. దాని డిస్కు కాలిపోయింది. ఆ రోజునే రెండు పాలిష్ యూనిట్ల వాళ్ళు ప్లేట్లు అరిగిపోయి గుమ్మంలో నిలబడ్డారు. ప్లేటు లేకపోతే యంత్రం ఆగుతుంది, యంత్రం ఆగితే కూలీకి ఆ పూట కూలి లేదు.

"నా కాళ్ళు వణికినయి" అన్నాడు అన్న.

కొడుకు తన ల్యాప్‌టాప్‌కు ఒక చిన్న అడాప్టరు, దానికి పాత తొమ్మిది సూదుల తీగ తగిలించి, దాచిన జీ అక్షరాల వరుసలను నేరుగా మిల్లింగ్ యంత్రానికి పంపించాడు. యంత్రం ఎప్పటిలాగే కదిలింది. పాత ప్లేట్లు ఆగలేదు. కాని వచ్చినవారిలో ఒకరికి కొలతలు మారిన కొత్త ప్లేటు కావాలి. కొడుకు ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీశాడు. అది కొనేదీ కాదు, అద్దెకు తెచ్చేదీ కాదు, దొంగిలించేదీ కాదు. ప్రపంచంలోని నేర్పరులు కలిసి ఊరుమ్మడి బావిలాగా తవ్విపెట్టినది. 2002 నుంచి పెరుగుతూ వచ్చి 2024 నవంబరులో 1.0 అనిపించుకుంది. అది రాసిచ్చిన వరుసలను యంత్రానికి పంపబోతూ కొడుకు ఒక్క క్షణం ఆగి, "నాయినా, ఒకసారి చూడు" అన్నాడట.

అన్న కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. పదకొండో వరుస దగ్గర వేలు పెట్టాడు. కత్తి పైకి లేవకముందే జీ సున్నా సున్నాతో అడ్డంగా దూసుకుపోబోతోంది. పోనిస్తే కత్తి విరిగేది, ప్లేటు పాడయ్యేది, యంత్రం తల దెబ్బతినేది. ఈ యంత్రానికి తగినట్లు అమర్చుకోవలసిన చోట ఒక చిన్న పొరపాటు. దిద్దారు. ప్లేటు సరిగా వచ్చింది.

"వాడు దాచకపోతే నేను మునుగుదును. నేను చదవకపోతే మిషన్ మునుగు" అన్నాడు అన్న, మూడో ఇడ్లీ తుంచుతూ.

తరువాత కొడుకే సికింద్రాబాదు వెళ్ళి, చెనాయ్ ట్రేడ్ సెంటర్ ప్రాంతంలో పాత కంప్యూటర్ల దుకాణాలన్నీ గాలించి, ఆ వెడల్పాటి సాకెట్ ఉన్నవి రెండు తెచ్చాడు. ఒకటి వాడుకకు, ఒకటి అవసరానికి. సాఫ్ట్‌వేర్ అసలు సీడీ వదిన బీరువాలో పట్టుచీరల మధ్య ఇరవై ఏళ్ళుగా భద్రంగా ఉందట. తాళంచెవికి దెబ్బ తగల్లేదు. ఎకరం నేల మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు ప్లేట్లు, పుల్లీలు పాతదాని మీద. తిప్పి చూసే బొమ్మలు కొడుకు దగ్గర. పాతది చెయ్యలేని పెద్ద పని ఎప్పుడైనా వస్తే, ఆ పని ఖర్చులోనే కలిపి ఒక నెలకు అద్దె సాఫ్ట్‌వేర్ తీసుకుందామని ఒప్పందం. సుత్తికి అద్దె కట్టనని భీష్మించిన మనిషి, పెళ్ళికి షామియానా అద్దెకు తెచ్చుకున్నట్లు అయితే సరేనన్నాడు.

లేత్ షాపు గొడవ మనకెందుకని ఇంతవరకు ఓపికగా చదివిన ఇల్లాలు ఎవరైనా అనుకుంటే, ఒక్క మాట మనవి. మీ బీరువాలో మీ పెళ్ళి వీడియో క్యాసెట్ ఉందా? దాన్ని చూపించే పెట్టె మీ ఇంట్లో ఉందా? మీ పిల్లల మొదటి అడుగులు ఏ పాత ఫోనులో ఉన్నాయి? ఆ ఫోను ఇప్పుడు వెలుగుతుందా? నెలనెలా అద్దె కట్టే చోట దాచిన ఫోటోలు, కట్టటం మానితే ఎవరివి? పాత పెట్టె ఇంకా పనిచేస్తున్నంతలోనే లోపల ఉన్నదాన్ని బయటికి తీసి, పదిమందీ చదవగలిగే రూపంలో రెండు చోట్ల దాచండి. ముఖ్యమైనదాన్ని కాగితం మీద ఎక్కించండి. ఆ తరువాత పాత పెట్టెను ఉంచుకుంటారో, ఊరికి ఇచ్చేస్తారో మీ ఇష్టం. పాత ఒక రోత, కొత్త ఒక వింత అన్నారు పెద్దలు. రోత అని పారేసేముందు, వింత అని తెచ్చుకునేముందు లోపల ఏముందో చూసుకొమ్మని కూడా అని ఉంటే బాగుండేది.

అన్న చెయ్యి కడుక్కుని లేచాడు. వంటింటి వైపు తొంగిచూసి, "గ్రైండరు మంచిగ తిరుగుతుందా చెల్లే?" అని అడిగాడు.

"బంగారంలా తిరుగుతోందన్నా. కాని మీ తమ్ముడు బుష్ ఒకటే చేయించుకొచ్చారు. ఇంకొకటి చేయించి దాచుకోవాలని ఊరందరికీ చెబుతారు గాని, ఇంట్లో తోచదు" అన్నది మా ఆవిడ.

అన్న నవ్వి జేబులో చెయ్యి పెట్టాడు. కాగితంలో చుట్టిన రెండో బుష్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.